మూడు మంచాల కింద సముద్రం

ఛాయ సంచి సర్దుకునేది.

రంగు గొట్టాలు. కుంచెలు. నూనె సీసా, దాని మూతికి బిగించి కట్టిన గుడ్డ. చేతులు తుడుచుకోవడానికి పాత చీర ముక్క.

వెళ్లేది రెండిళ్ల అవతలికే.

అయినా నాకు భయమేసేది. సంచి మూతి ముడిపడుతుంటే అంతే నాకు. మా అమ్మ అలాగే సర్దుకుంది. మా అన్నా అంతే... రైలెక్కినవాళ్లెవరూ నాకు మళ్లీ ఎదురు రాలేదు.

ఛాయ మా ఆయన చెల్లెలు. మధ్యాహ్నం బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పేది. పొద్దుట తన బొమ్మ తాను వేసుకునేది.

వేసేది సముద్రం. భిలాయిలో లేనిది అదొక్కటే కాబోలు.

సముద్రానికి చోటు కావాలి.

ఉక్కు కర్మాగారం వాళ్ల క్యాంప్ 2లో మాది ఒంటి గది క్వార్టరు. మా ఆయన ఆదిశేషు రాత్రి షిఫ్టు చేసి వస్తే పగలంతా అందులోనే నిద్ర. కిటికీకి దుప్పటి. ఆ చీకట్లో ఏ నీలం కలుపుతుంది?

పవర్ హౌస్ బజారులో గది అడిగాం.

"బొమ్మలు అమ్ముతావా దీదీ?" అన్నాడు ఇంటాయన.

"ఇంకా లేదు."

"మరి కిరాయా ఎవరిస్తారు, సముద్రమా?"

వైశాలి నగర్‌లో అడిగాం. అద్దె వినగానే ఛాయ చెప్పులేసుకుంది.

అప్పుడు తోచింది మాకు — మగవాడు పొద్దుటి షిఫ్టుకి వెళ్లిన ఇంట్లో గది ఖాళీ. ఒక వారం మా ఇల్లు. ఒక వారం రెండిళ్ల అవతలి పైడితల్లి ఇల్లు. ఒక వారం ఆ పక్కనే సూర్యారావు గారిల్లు. షిఫ్టు మారితే సంచి కదిలేది.

బొమ్మ వేసే పెద్ద గుడ్డ గుమ్మంలో పట్టదు. మూడు ముక్కలు చేసింది. మా మంచం కింద ఒడ్డు. పైడితల్లి మంచం కింద నడి నీళ్లు. సూర్యారావు గారి మంచం కింద పడవలు.

మగవాళ్లు డ్యూటీ దిగొచ్చి ఆ నీళ్ల మీద నిద్రపోయేవారు.

పైడితల్లి మొగుడు నూకరాజు నా దగ్గర సణిగేవాడు.

"నా చొక్కాకి కూడా రంగు వాసనే అప్పా. ఇంట్లో పెళ్లేటి భయ్యా అని డ్యూటీలో అడుగుతన్నారు."

"ఏటి చెప్పినావు?"

"పెళ్లి సముద్రానికన్నాను. లడ్డూలు తెమ్మంటన్నారు."

తరువాత పైడితల్లి కూతురు పురిటికి వచ్చింది. సూర్యారావు గారు సెక్టారులో పెద్ద క్వార్టరుకు మారారు. మూడు ముక్కలూ మా మంచం కిందికే చేరాయి, ఒకదాని మీద ఒకటి. విప్పి పరిచే చోటు లేదు.

ఛాయ అన్నం కెలికేది. తినేది కాదు.

"భీమిలి పోతాను వదినా. గది లేకపోయినా ఇసకైనా ఉంటాది."

పోతాను... ఆ మాట నాకు పడదు.

అందుకే నేను వెతికాను. దగ్గరలో. తను పోకుండా.

కూరలమ్మే ఆవిడ దగ్గరలోని ఉతై అనే పల్లె నుంచి వచ్చేది. వాళ్లకొక ధాన్యం కొట్టు ఉంది. "సున్నా పరే హే, దీదీ," అంది. ఖాళీగా పడి ఉందట. ఛాయ జీతానికి అందే అద్దె.

పొడుగాటి గోడ. ఎత్తున రెండు కిటికీలు. పొద్దుట నుంచి సాయంత్రం దాకా కదలని వెలుతురు.

దీపావళి సెలవుల్లో వెళ్లింది. ఆదివారం వస్తానంది.

ఆదివారం రాలేదు. నేనే వెళ్లాను.

గోడకు మూడు ముక్కలూ పక్కపక్కన — మొదటిసారి.

కలవలేదు.

మా ఇంటి నీలం నల్లగా ఉంది. పైడితల్లి ఇంటి నీలం పాలిపోయి ఉంది. సూర్యారావు గారింటిది పచ్చబారింది. మూడు గదుల వెలుతురు మూడు రకాలని మాకెవరికీ తోచలేదు.

ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది.

"మూడూ మూడు ఊళ్ల నీళ్లు వదినా. మళ్లీ మొదలెట్టాలి."

"ఇంటికి రాయే. మీ అన్న అడుగుతన్నారు."

"ఈ గోడొదిలి ఎలాగొచ్చేది?"

గోడ వైపు చూసే అంది.

ఉతైలోనే బడిలో పని చూసుకుంది. నెలకోసారి నేను వెళ్లేదాన్ని. ఎంత దూరమని... బస్సులో సీటు దొరికేలోపే ఊరొచ్చేది. గోడ మీద నీలం పెరిగేది. వస్తాను వదినా, ఈ మూల అవనీ — అనేది.

మా ఆయనకు పొద్దుటి షిఫ్టు పడినప్పుడల్లా గది ఊడ్చి, కిటికీ తెరిచి ఉంచేదాన్ని.

1988లో ఆయన రిటైరయ్యారు. క్వార్టరు అప్పగించేశాం.

ఛాయ వెళ్లింది 1979 అక్టోబరులో. ఆ ఇంటికి మళ్లీ రాలేదు.