వెచ్చబడ్డ తీగ

గొట్టం లోపలి జిగురులో బోలు, అంటే జిగురు అంటని ఖాళీ, రెండున్నర మిల్లీమీటర్లు. రెండుంపావు దాటితే అతికించిన మేస్త్రీని ఆ పని నుంచి తప్పిస్తారు. ఈసారి ఆ మేస్త్రీ, బోలు కొలిచిన ఆమెకు స్వయానా బావ, అక్క మొగుడు. న్యూట్రాన్లతో బొమ్మలు తీసే గదిలో ఆమె ఆపరేటరు. లోహం లోపలున్న జిగురును చూడాలంటే ఎవరైనా ఆ గదికే రావాలి.

బావకి ఫోన్ చేసి చావు కబురు చల్లగా చెప్పింది. ఇరవై ఏళ్ళుగా చేయి తిరిగిన మనిషి, కోప్పడలేదు.

"నా చేతిలో తప్పు జరగదని అనను మరదలా. కానీ గొట్టం వెడల్పు కూడా చూశావా? పన్నెండు మిల్లీమీటర్లకి తరిగింది నేనే."

చూడలేదు. బోలు కొలవమన్నారు, బోలు కొలిచింది. గొట్టాన్ని కొలవాలని ఆ గదిలో ఎవరికీ తోచదు. ఇప్పుడు తెర మీద కొలిస్తే పదిహేను వచ్చింది.

గోరంతను కొండంత చేయడం యంత్రానికి చేతకాదు, అది మనుషుల విద్య. ఆ యంత్రంలో వెంట్రుక కన్నా సన్నని సూపర్ కండక్టర్ తీగ మెలికలు తిరిగి ఉంటుంది. దాన్ని చెప్పలేనంత చలిలో ఉంచుతారు. న్యూట్రాన్ తగిలిన చోటి నుంచి రెండు కొసలకూ సంకేతాలు పరుగెడతాయి. ఏది ఎంత ముందు చేరిందో చూసి, సంకేతం వేగంతో లెక్క కట్టి, తగిలిన చోటు తేలుస్తారు.

సంకేతాలు బలంగా వస్తాయని పోయిన నెల నుంచి తీగను కాస్త వెచ్చగా నడుపుతున్నారు. వెచ్చబడితే సంకేతం నెమ్మదిస్తుంది. కంప్యూటర్లో మాత్రం పాత వేగమే ఉండిపోయింది. నడక మందగించి ఆలస్యమైనవాణ్ణి చూసి, పాపం ఎంత దూరం నుంచి వచ్చాడో అనుకున్నట్టుంది ఆ లెక్క. వేగం మార్చాల్సింది ఆమే. సిగ్గుతో తల వాలిపోయింది.

సరైన వేగంతో మళ్ళీ కట్టింది. గొట్టం పన్నెండు, బోలు రెండు. బావ గట్టెక్కాడు.

పెద్దసారు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. అందుకే ఆమె చుట్టరికంతో సహా అన్నీ చెప్పేసింది. ఆయన తనే ఒకసారి కొలిచి చూసుకుని, కొత్త రిపోర్టు మీద సంతకం పెట్టి, ఇక ఇక్కడితో సరి అన్నారు.

ఆమె కదల్లేదు. ఇంకో మూడు ఫైళ్ళు బల్ల మీద పెట్టింది. పోయిన నెల నుంచి వేరే కార్ఖానాల గొట్టాలకు ఇచ్చిన రిపోర్టులు. ఆ మూడు గొట్టాలూ పరీక్షలో తప్పాయి. కొత్త వేగంతో చూస్తే రెండు బాగానే ఉన్నాయి.

"వాళ్ళెవరూ అడగలేదుగా," అన్నారు సారు.

"మా బావకి ఇక్కడ మరదలుంది కాబట్టి అడిగాడు సార్. వాళ్ళకి ఎవరున్నారు?"

కాళ్ళ కిందికి నీళ్ళొస్తే గానీ తనూ చూడలేదు. అదే ఆమె బాధ. సారు మొదటి ఫైలు తెరిచి, మేస్త్రీ ఎవరని అడిగారు.

ఫైల్లో పేరు లేదు. గొట్టం నంబరే ఉంది. ఆమె ఫోన్ తీసి ఆ కార్ఖానాకి కలిపింది.