ఎస్తేరు చెప్పిన పని

ఎస్తేరు బీడీలు చుట్టే తునికాకు మీద నీళ్లు చిలకరించి, తడిగోనె కప్పి, పక్కనున్న రెండో గోనె కొస ఎత్తి చూసింది. నిన్న సాయంత్రం తెంపుకొచ్చిన గునుగు, తంగేడు ఇంకా నవనవలాడుతున్నాయి. పండుగ మొదటినాటి ఎంగిలిపూల బతుకమ్మకు పూలు ముందురోజే తెంపి ఉంచాలని ఎదురింటి రుక్మాబాయి పట్టు. ఏటా ఇద్దరూ కలిసి ఊరవతల బీడు భూములకు పోయేవాళ్లు. ఈసారి ఎస్తేరు ఒక్కతే పోయింది. చర్చికి పోయే మనిషి బతుకమ్మ పూలగంప నెత్తినెత్తుకొని వస్తుంటే ఎల్లారెడ్డి బజారులో ఒకరిద్దరు నవ్వారు. నవ్వితే నవ్వనీ, పూలకేం తెలుసు తెంపింది ఎవరో అనుకుంది.

ఎదురింటి గోడకు ఆనుకొని రుక్మాబాయి కూర్చుంది. ఒకప్పుడు గడప నిండుగా ఉండే మనిషి. ఇప్పుడు భుజాల ఎముకలు రవికెలోంచి పొడుచుకొస్తున్నాయి. ముక్కుపుల్ల ఒక్కటే పాత మెరుపు మెరుస్తోంది. బీడీలు చుట్టడం మాని నెలయినా తంబాకు రంగు వేళ్ల కొసలను వదల్లేదు. చుట్టలేకపోయినా చాట మాత్రం ఒళ్లోంచి దించదు. దగ్గు తెరిపి ఇచ్చినప్పుడల్లా కత్తెర తీసుకొని ఎస్తేరు కోసం ఒక్కో ఆకూ కత్తిరించి పెడుతుంది.

"ఏమే ఎస్తేరూ, నాకేం పని చెప్పాలెనో సోంచాయించినవా?" అంది.

"పొద్దుమూకినంక గదా అక్కా చెప్పేది. ఇంక మొఖమన్న కడుగలే, గప్పుడే అడుగుతవేంది?"

"ఎగ్గొడ్తవేమోనని."

ఇది వాళ్లిద్దరి మధ్య ఎప్పటినుంచో ఉన్న రివాజు. వానలు తెరిపిచ్చి, తంగేడు విచ్చుకొని, బతుకమ్మ మొదలైన రోజు సాయంత్రం రాబోయే ఏడాదికి ఒకరి పని ఒకరు చెప్పాలి. ఎవరి పని వాళ్లు అనుకుంటే నాలుగు రోజుల్లో గాలికి పోతుందని రుక్మాబాయి వాదన. ఎదుటి మనిషి చెప్పిన పనైతే అట్లా కాదు. పొద్దంతా ఆ మనిషి ముఖం చూస్తూ బీడీలు చుట్టాలి కదా, ఎగ్గొట్టి ఎక్కడికి పోతాం?

మహారాష్ట్ర సరిహద్దులోని డోంగ్లి నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో రుక్మాబాయికి తెలుగు సరిగా వచ్చేది కాదు. సగం మరాఠీ, సగం కోపం. కోపమొస్తే గిన్నె విసిరేది. "ఈ యేడు గిన్నెలిసరద్దు" అని ఎస్తేరు చెప్పిన మొదటి పని అదే. మాట తప్పలేదు మహాతల్లి, ఆ ఏడంతా ప్లాస్టిక్ చెంబులు విసిరింది. బదులుగా ఎస్తేరును చర్చిలో ముందు నిలబడి ఒంటరిగా పాట పాడమంది. పాడుతుంటే తలుపు బయట నిలబడి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా కొంగుతో కళ్లొత్తుకుంది. ఇంకో ఏడు భిక్నూరులో ఉన్న చెల్లెలు రూతు ఇంటికి పోయి అన్నం తిని రమ్మంది. అక్కచెల్లెళ్లకు మాటల్లేక ఎన్నేళ్లయిందో. ఎస్తేరు ముక్కుతూ మూలుగుతూ బస్సెక్కింది. ఇప్పుడు రూతు ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ ఎస్తేరు ఎదురింటి గడప వైపు చూస్తుంది.

అటువంటి మనిషికి ఈ ఏడు ఏం పని చెప్పాలి?

కామారెడ్డి దవాఖానాలో ఊపిరితిత్తులు చూసిన డాక్టరు, ఇంటికి తీసుకుపోయి కంటి ముందర పెట్టుకొమ్మన్నాడు. ఆ మాట రుక్మాబాయి కూడా విన్నది. దీపావళి దాకా ఉంటదో ఉండదో తెలియని మనిషికి ఏడాది పని చెబితే అబద్ధమవుతుంది. అసలు చెప్పకపోతే నీ పని అయిపోయిందని ముఖం మీద అన్నట్టవుతుంది. ఇన్నేళ్లలో ఆమెతో కొట్లాడింది, అలిగింది, తిట్టింది. అబద్ధం మాత్రం ఆడలేదు.

బీడీల గంప తీసుకొని కార్ఖానాకు బయల్దేరుతుంటే రుక్మాబాయి కోడలు రాజశ్రీ సందు మలుపులో ఆపింది.

"ఎస్తేరత్తా, ఏదన్న పెద్దది చెప్పు. వచ్చే యేడు డోంగ్లి జాతరకు పోవాలె అని చెప్పు. జర ధైర్యమొస్తది."

"నమ్ముతదా బిడ్డా?"

"నువ్వు చెప్తె నమ్ముతది."

అదే కదా భయం. ఎస్తేరు గంప నెత్తికెత్తుకొని నడిచింది.

కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి, ఆకూ తంబాకూ తీసుకొని తిరిగొస్తుంటే బస్టాండు దగ్గర ఒక ముసలామె గంపలో సీతాఫలాలు పెట్టుకొని కూర్చుంది. అడవి కాయలు. కళ్ల మధ్య గీతలు తెల్లబడి, పక్వానికి వచ్చి ఉన్నాయి. రుక్మాబాయికి సీతాఫలమంటే ప్రాణం. కానీ ఆమె పండంతా తినగా ఎస్తేరు ఎన్నడూ చూడలేదు. విప్పుతుంది, సగం ఎస్తేరుకు ఇస్తుంది. మిగిలిన సగంలో కొడుకుకింత, కోడలికింత, దారిన పోయే పిల్లలకింత. చివరికి తొక్కకు అంటుకున్నది చప్పరించి, "మస్తు తియ్యగుంది" అంటుంది.

"తల దువ్వుకున్నవా?" అని ముసలామె పక్కనున్న మనుమరాలిని గదమాయించింది.

ఎస్తేరు చెయ్యి అట్లాగే గంప మీద ఆగిపోయింది.

భర్త అబ్రాహాము పోయిన ఏడు ఎస్తేరు గోడవైపు తిరిగి పడుకుంది. బీడీలు లేవు, చర్చి లేదు, తిండి సోయి లేదు. ఎంగిలిపూల నాడు రుక్మాబాయి దువ్వెన తెచ్చి తలగడ పక్కన పెట్టింది. "ఈ యేటి నీ పని ఇదే. రోజు తల దువ్వుకో. ఇంకేం వద్దు" అంది. గంతేనా అని ఎస్తేరు తిట్టుకుంది. కానీ తల దువ్వాలంటే లేచి కూర్చోవాలి. కూర్చుంటే వాకిలి కనిపిస్తుంది. వాకిట్లో ఎదురుగా ఆమె కనిపిస్తుంది. అట్లా లేచింది. ఇవాళ్టికీ లేస్తూనే ఉంది.

"ఏమమ్మా, తీసుకుంటవా లేదా?" అంది ముసలామె.

"ఒక్కటియ్యవ్వా. రేపో ఎల్లుండో పండేది చూసియ్యి."

పొద్దువాలింది. రుక్మాబాయి కూర్చున్నచోటే తాంబాళంలో ఆకులు పరిచి, గునుగు ఒక వరుస, తంగేడు ఒక వరుస పేర్చింది. పేర్చడం మధ్యలో మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. పైన గౌరమ్మను పెట్టి, కోడలి చేతికిచ్చింది. వాడకట్టు ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, పాట దూరంగా వినిపిస్తుంటే, ఇద్దరూ గడప దగ్గర మిగిలారు.

"ఇగ చెప్పు," అంది రుక్మాబాయి. గొంతులో వేళాకోళం లేదు.

ఎస్తేరు కొంగులోంచి సీతాఫలం తీసి ఆమె చాటలో పెట్టింది.

"ఇది పండినంక మొత్తం నువ్వే తినాలె అక్కా. ఎవ్వలకు ఒక్క తొన గూడ పెట్టద్దు. నాకు గూడ. గిదే నీ పని."

రుక్మాబాయి పండును అటూ ఇటూ తిప్పింది. బొటనవేలితో నొక్కి చూసింది. ఎస్తేరు ఆమె ముఖంలోకే చూస్తోంది.

"రెండ్రోజుల పనే గదనే," అంది.

"ఔ అక్కా."

రుక్మాబాయి నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్లీ నవ్వయింది. "నా కోడలు డోంగ్లి జాతర చెప్పమన్నదా? నాకెర్కనే. నువ్వు గది చెప్తె నీ మొఖం చూడకపోదును." పసుపు బారిన చేత్తో ఎస్తేరు తల నిమిరింది. "పానం నిమ్మళమైంది బిడ్డా. ఇది చేస్త. ఖాయం చేస్త."

"మరి నాకు?"

"నా జాగ ఖాళీ ఉంచకు. రాజశ్రీని కూసుండవెట్టుకో. దానికి ఒక పని చెప్పు, దానితోని ఒక పని చెప్పిచ్చుకో. జర మొండిది, నాలెక్కనే. ఓపికవట్టు."

ఎస్తేరు తలూపింది. కాయను రుక్మాబాయి ఇంట్లోనే ఒక గోనెలో మాగబెట్టి, ఇద్దరూ బతుకమ్మ పాట అయిపోయేదాకా వింటూ కూర్చున్నారు.

మూడోనాడు తెల్లవారి ఎస్తేరు ఆకు తడుపుతుండగా రాజశ్రీ వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఏడుపు లేదు. "అత్తమ్మ లేస్తలేదు అత్తా," అంది.

నిద్రపోయినట్టే ఉంది రుక్మాబాయి. ముఖం మీద దగ్గు జాడ లేదు. ఎస్తేరు పక్కన కూర్చొని ముక్కుపుల్ల సరిచేసింది. దువ్వెన అడిగి తెప్పించుకొని, చెదిరిన జుట్టు నెమ్మదిగా దువ్వింది.

"నిన్న పొద్దుమూకంగ పండు తిన్నది," అంది రాజశ్రీ. "మా పాప పోయి చెయ్యి చాపితె, 'ఇది నా పనే తల్లీ, నీకు రేపు వేరేది తెప్పిస్త' అని గోడ దిక్కు తిరిగి తిన్నది. గట్ల ఎన్నడన్న చేసిందా అత్తా?"

"లేదు బిడ్డా. ఎన్నడు చెయ్యలే," అంది ఎస్తేరు. కళ్లనీళ్లు కారుతున్నా పెదవుల మీదికి నవ్వొచ్చింది. చెయ్యి పట్టి రాజశ్రీని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

గోడ దగ్గర చాట అట్లాగే ఉంది. అందులో కత్తెర, కత్తిరించిపెట్టిన నాలుగు ఆకులు, వాటి పక్కన గీకినంత శుభ్రంగా తిన్న సీతాఫలం తొక్కలు, నల్లగా నిగనిగలాడే గింజలు.