కౌన్సిలరు గారి ఊసరవెల్లి

నేను ఒక తీగ పంజరాన్ని. బెజవాడ వన్‌టౌన్‌లో సైదులు అనే ఆయన నన్ను అల్లాడు. మొదట కొన్నది ఒక బ్యాంకు మేనేజరు గారు. భార్య పుట్టినరోజుకని రెండు లవ్‌బర్డ్స్‌ని నాలో పెట్టి బహుమతిగా ఇచ్చారు. ఆవిడ జాలిపడి మర్నాడే తలుపు తీసేసింది. పిట్టలు ఎగిరిపోయాయి, భార్యాభర్తల మధ్య కొన్నాళ్ళు మాటలు కూడా పోయాయి. తరవాత మేనేజరు గారి బదిలీ సామాన్లతో గోదావరి పక్కన ఒక మునిసిపల్ ఊరు చేరి, మేడమీద బట్టల క్లిప్పులు దాచుకునే బుట్టనయ్యాను. అక్కణ్ణించి నన్ను రాజకీయాల్లోకి దింపినవాడు దాసరి చిట్టిబాబు.

ఆ ఏడు మునిసిపల్ ఎన్నికల్లో గుడిమెట్ల సత్యంబాబు గారు ఒక పార్టీ తరఫున కౌన్సిలరుగా గెలిచారు. మెళ్ళో దండలు వాడకముందే ఇంకో పార్టీలో చేరారు. ఓడిపోయినవాళ్ళకంటే గెలిపించినవాళ్ళకి ఎక్కువ మండింది. వాళ్ళలో ముందున్నవాడు, అదే పార్టీ మీద పక్క వార్డులో గెలిచిన చిట్టిబాబు. ఎవరో తుమ్మకంప మీంచి ఒక ఊసరవెల్లిని పట్టుకొచ్చారు. చిట్టిబాబు నన్ను మేనేజరు గారి దగ్గర అడిగి తీసుకుని, దాన్ని నాలో పెట్టి, నాకు ఆయన కొత్త పార్టీ కండువా కప్పి, డప్పులతో సత్యంబాబు గారింటికి ఊరేగించాడు. అడవి జంతువుని పట్టి బంధించడం నేరమని ఆ ఊరేగింపులో నడిచిన లాయరు గారికి కూడా తట్టలేదు.

"ఇదిగో, మీ చుట్టం వచ్చాడు! లోపలికి పిలవండి!" అని గుమ్మంలో అరిచాడు చిట్టిబాబు. టీవీ వాళ్ళు కెమెరాలు ఎత్తారు.

సత్యంబాబు గారు బయటికొచ్చి, నన్ను రెండు చేతులా అందుకుని, కళ్ళు తడి చేసుకున్నారు. "పాపం, మూగజీవి. రాజకీయాల కోసం దీన్ని ఇంత హింస పెడతారా? ఇవాళ్టినించి దీన్ని నేనే సాకుతాను" అన్నారు. సాయంత్రం వార్తల్లో ఆయన జాలిగుండె గురించే చెప్పారు. చిట్టిబాబు మొహం మాడిపోయింది.

కెమెరాలు వీధి మలుపు తిరగ్గానే, "అవతల పారెయ్యండి దీన్ని" అన్నారాయన.

"ఎలా పారేస్తారండీ? రేపు ఆ టీవీ వాళ్ళే వచ్చి ఏదీ చూపించమంటే?" అంది భార్య హైమావతమ్మ. నన్ను వసారాలో కొక్కేనికి తగిలించారు. వంటమనిషి ఆ జంతువుని చూసి దణ్ణం పెట్టి పని మానేసింది.

అడుగు తీసి అడుగు వెయ్యడానికి అది ఎంతసేపు ఆలోచించేదో చూసి హైమావతమ్మ దానికి నిదానం అని పేరు పెట్టింది. గిన్నెలో నీళ్ళు ముట్టదని, ఆకుల మీద చల్లితే చుక్కలు నాకుతుందని తనే కనిపెట్టింది. పెరట్లో మిడతలు పట్టడం నేర్చుకుంది. నిదానం నాలుక బాణంలా దూసుకెళ్ళి మిడతని లాక్కున్నప్పుడల్లా చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేది. పిల్లలు లేని ఆ ఇంట్లో చప్పట్లు వినిపించేది అప్పుడే.

ఇబ్బందల్లా వచ్చేపోయేవాళ్ళతో. అర్జీ పట్టుకుని వసారాలో కూచున్న ప్రతివాడూ ముందు నాకేసి చూసేవాడు, తరవాత సత్యంబాబు గారికేసి చూసేవాడు, ఆ తరవాత నవ్వు దాచుకోడానికి కండువాతో మూతి తుడుచుకునేవాడు. ఆయన విసుక్కుని నన్ను వెనక వసారాలోకి మార్పించారు. అక్కడ ఎండ పడదు.

అలా మూడేళ్ళు గడిచాయి. ఈ మధ్యలో ఆయన మరోసారి పార్టీ మారారు. నిదానం మాత్రం ముసలిదైంది. ఒంటి మీద పచ్చదనం పోయి బూడిదరంగు తేలింది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. ముందుకాళ్ళు వంకరపోయాయి. ఒకరోజు మిడత ఎదురుగానే ఉన్నా నాలుక సగం దూరం వెళ్ళి వేలాడిపోయింది. దాన్ని లోపలికి తీసుకోడానికి అది పడ్డ అవస్థ చూసి హైమావతమ్మ నన్ను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో పశువుల ఆసుపత్రికి బయల్దేరింది.

అక్కడి డాక్టరు నస్రీన్ గారు నాలోకి తొంగి చూసి, "అమ్మా, నేను గేదెల్ని, కుక్కల్ని చూస్తాను. దీనికి ఇంతవరకు వైద్యం చెయ్యలేదు. ఉండండి, తెలిసినవాళ్ళని అడుగుతాను" అంది. జూలో పనిచేసే స్నేహితురాలికి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. ఎండ లేక, కాల్షియం లేక ఎముకలు మెత్తబడ్డాయట. విటమిన్ లోపంతో కన్ను వాచిందట. వయసు తెచ్చిన నీరసం సరేసరి.

"మావారి గురించి ఏదైనా వార్త వస్తే ఇది నల్లబడిపోతుందండీ డాక్టరు గారూ" అంది హైమావతమ్మ కొంచెం సిగ్గుపడుతూ.

"చలేస్తే నల్లబడుతుందమ్మా. భయమేసినా అంతే. ఎవర్నీ మోసం చెయ్యడానికి రంగు మార్చదు" అని నవ్వింది డాక్టరు. తరవాత గొంతు తగ్గించి, దీన్ని ఇంట్లో ఉంచుకోకూడదని చెప్పి, అటవీశాఖకి తనే కబురు చేసింది. వచ్చిన అధికారి నిదానాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. బయట వదిలితే రెండు రోజులు కూడా బతకదని, కోలుకునేదాకా డాక్టరు పర్యవేక్షణలో హైమావతమ్మ దగ్గరే ఉండనిమ్మని చెప్పి వెళ్ళాడు.

హైమావతమ్మ నన్ను మేడమీద లేతెండలోకి మార్చింది. చచ్చిన మిడతని నలిపి, కాల్షియం పొడి కలిపి, డ్రాపర్‌తో నోట్లో పోసేది. కంట్లో చుక్కలు వేసేది. అది కోపమొచ్చి వేలు కరిస్తే, "కరిచెయ్, కరిచెయ్, ఆమాత్రం బలముంటే చాలు" అనేది.

ఈలోగా ఆవిడకే టైఫాయిడ్ వచ్చి ఆసుపత్రిలో చేరింది. మందుల పని సత్యంబాబు గారి మీద పడింది. మొదటిరోజు ముక్కు మూసుకుని, మొహం పక్కకి తిప్పుకుని పోశారు. సగం చొక్కా మీద ఒలికింది. "నోరు తెరవరా బాబూ, ఆవిడొచ్చి నన్ను చంపేస్తుంది" అని బతిమాలారు. నాలుగోనాటికి నా ఎదురుగా కుర్చీ వేసుకుని కబుర్లు మొదలుపెట్టారు. "నేనేం సరదాపడి మారాననుకుంటున్నావా? మా వార్డుకి రోడ్డు వేయిస్తామన్నారు, మారాను. వెయ్యలేదు. రెండోవాళ్ళూ అదే మాటన్నారు, మళ్ళీ మారాను." నిదానం ఒక కంటితో ఆయన్ని, సగమే తెరుచుకున్న కంటితో ఇంకెటో చూస్తూ వింది. ఆ ఊళ్ళో ఆయన మాట మధ్యలో నవ్వకుండా విన్న ప్రాణి అదొక్కటే.

హైమావతమ్మ ఇంటికొచ్చిన కొద్దిరోజులకే కబురు తెలిసింది. ఖాళీ పడ్డ చైర్మన్ కుర్చీ ఎవరికివ్వాలో తేల్చడానికి మంత్రిగారు ఊళ్ళోకి వస్తున్నారు, టిఫిన్ సత్యంబాబు గారింట్లోనే. ఏర్పాట్లు చూడ్డానికి వచ్చినవాడు ఎవరనుకున్నారు? చిట్టిబాబు! ఈమధ్యే అతనూ ఈ పార్టీలోకే చేరాడు.

"అన్నయ్యా, అప్పుడేదో ఆవేశంలో తెచ్చాను, మనసులో పెట్టుకోకు. కానీ ఇవాళ ఇది కనబడకూడదు. మంత్రిగారు కూడా నాలుగు పార్టీలు చూసినాయన. మనమే వెక్కిరిస్తున్నామనుకుంటారు" అన్నాడు.

సత్యంబాబు గారు మేడెక్కి వచ్చారు. "దీన్ని ఏ పొలంలోనో వదిలేయించవే" అన్నారు నా వైపు చూడకుండా.

"వదిలితే చస్తుందని మీకు తెలుసు" అంది హైమావతమ్మ. "మీరే మందు పోశారు కదా, మీ చేత్తోనే తీసుకెళ్ళి వదలండి. నేనడ్డు రాను."

ఆయన నన్ను ఎత్తుకున్నారు. మెట్ల దాకా నడిచారు. నిదానం వంకర కాలు చాచి ఆయన వేలు పట్టుకుంది. ఆయన అక్కడే నిలబడిపోయారు. ఈలోగా కింద కార్ల హారన్లు మోగాయి. ఆ కంగారులో నన్ను అలాగే కిందికి తెచ్చి, ముందు వసారాలో కిటికీ పక్కన పెట్టేశారు.

మంత్రిగారు పెసరట్టు తుంచుతూ నన్ను చూశారు. "ఏంటయ్యా అది?"

చిట్టిబాబు ముందుకొచ్చి, "తొండండీ, తొండ" అన్నాడు.

"ఊసరవెల్లండీ" అన్నారు సత్యంబాబు గారు. "ముసలిదైపోయింది. రంగు మార్చే ఓపిక కూడా పోయింది."

వసారాలో ఎవరూ నమలలేదు. మంత్రిగారు లేచి నా దగ్గరికొచ్చి, వంగి చూశారు. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. నిజంగానే దిగులుపడి అడిగారు: "రంగు మార్చకపోతే మరెలా బతుకుతుందయ్యా?"

అప్పటికే డ్రాపర్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన హైమావతమ్మ, "ఎవరో ఒకరు చూసుకుంటే బతుకుతుందండీ" అని, అందరి ముందూ నా తలుపు తీసి మందు పోసింది.

చైర్మన్ కుర్చీ చిట్టిబాబుకి వెళ్ళింది. సత్యంబాబు గారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోరోజు తనే కాల్షియం పొడి కొనుక్కొచ్చారు.

ఆ వేసవి దాటేదాకా నిదానం బతికింది. ఒక ఉదయం లేతెండలో, హైమావతమ్మ అరచేతిలో, పట్టు వదిలింది. పోయేముందు లేతపచ్చ రంగొకటి ఒంటి మీద వచ్చి వెళ్ళింది. ఎందుకొచ్చిందో డాక్టరు గారు కూడా చెప్పలేకపోయింది. సత్యంబాబు గారు పెరట్లో పారతో తనే గొయ్యి తవ్వారు. కబురు తెలిసి చైర్మన్ చిట్టిబాబు, విలేకర్లని పంపనా అని ఫోన్ చేశాడు. "వద్దులేవయ్యా" అని ఆయన ఫోన్ పెట్టేశారు.

నన్ను కడిగి ఆరబెట్టి, హైమావతమ్మ పశువుల ఆసుపత్రికి ఇచ్చేసింది. ఇప్పుడు నాలో రెక్క విరిగిన గోరింక ఉంది. గేదెల్ని తోలుకొచ్చినవాళ్ళు వరుసలో నిలబడి విసుగుపుట్టినప్పుడు నాలోకి తొంగి చూస్తారు. చూసి, "గోరింక" అంటారు. అంతే. పక్కవాడికేసి చూడరు, మూతి తుడుచుకోరు. గోరింక కూడా హాయిగా గింజలు తింటుంది.