అల్సీడ్ చెప్పని వంటిల్లు

ఏ వంటకం ఎక్కడ తినాలో అల్సీడ్ దుగాస్‌ని అడగాలన్న సంగతి బయూ టెష్ అనే ఏటి ఒడ్డున పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. అతను రొట్టెల వ్యాను నడుపుతాడు. తెల్లారకముందే బేకరీలో పొడవాటి రొట్టెలు ఎక్కించుకుని చుట్టుపక్కల ప్రతి హోటలుకీ, ప్రతి భోజనశాలకీ వెనక తలుపు గుండా వెళ్తాడు. ముందు తలుపు గుండా వెళ్ళినవాడికి గోడ మీది బొమ్మలు తెలుస్తాయి. వెనక తలుపు గుండా వెళ్ళినవాడికి మూకుడు తెలుస్తుంది.

మొగుడికి ఇంత పేరున్నందుకు ఎజెలీ గర్వపడేది. గర్వపడుతూనే ఒక విషయం గమనించింది. ఆయన నోట అందరి వంటిళ్ళూ వస్తాయి, తన వంటిల్లు తప్ప.

అక్టోబరులో ఒక ఆదివారం, ప్రార్థన అయ్యాక ఇద్దరూ పెట్రోలు కోసం ఆగారు. టెక్సస్ నంబరు ప్లేటున్న కారులోంచి ఒక జంట దిగి, అల్సీడ్ టోపీ మీద బేకరీ పేరు చూసే కాబోలు, సరాసరి అతని దగ్గరికే వచ్చి, ఇక్కడ మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

"బూడాన్ తినాలంటే వంతెన దాటగానే పెట్రోలు బంకు," అల్సీడ్ పెట్రోలు పైపు పట్టుకునే పాఠం మొదలెట్టాడు. "నవ్వకమ్మా, బంకే. సాసేజ్‌లో అన్నం, పంది కాలేయం ఎంతెంత పడాలో వాడికి తెలిసినట్టు ఇంకెవడికీ తెలీదు. పెట్రోలు మాత్రం వాడి దగ్గర కొట్టించుకోవద్దు. క్రాఫిష్ ముద్దకూర, అదే ఎటుఫేకి, రైలు పట్టాల పక్కన నీలం తలుపు ఇల్లు. బోర్డు ఉండదు, కుక్క ఉంటుంది, ఏమీ చెయ్యదు. పందితోలు వేపుడు మా పినతండ్రి కొడుకు దగ్గర. వాడికి నా పేరు చెప్పకండి, ధర పెంచుతాడు."

"మరి గంబో?" అంది ఆవిడ, అక్కడి పేరుమోసిన చిక్కటి పులుసు గురించి.

వ్యానులో కూర్చున్న ఎజెలీ కొంచెం నిటారుగా కూర్చుంది. జుట్టు కూడా సవరించుకుంది.

"గంబోనా," అల్సీడ్ టోపీ వెనక్కి తోసి ఆకాశం కేసి చూశాడు. "ఫిలొమీన్ నార్సిస్. పోస్టాఫీసు వెనక. గురువారం వెళ్ళండి."

ఎజెలీ వ్యాను కిటికీ అద్దం పైకెత్తేసింది. ఆ ఎత్తడంలోనే అల్సీడ్‌కి అర్థం కావాల్సింది. కాని అతని తెలివంతా నాలుక మీదే ఉంది.

ఆ రాత్రి భోజనానికి డబ్బాలో చిక్కుళ్ళు వేడిచేసి పెట్టింది. డబ్బా కూడా పక్కనే పెట్టింది, ఎక్కడివో తెలియాలి కదా అని.

"ఇదేంటి షా, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు అల్సీడ్. అక్కడ షా అంటే బంగారం అన్నట్టు.

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. గంబో అంటే ఫిలొమీనేనా?"

"వాళ్ళు అడిగారు, చెప్పాను."

"పెళ్ళయిననాటి నుంచీ నువ్వు గిన్నెలు గిన్నెలు తాగుతున్నది మరి కాఫీ అనుకున్నావా?"

"వాళ్ళు హోటలు అడిగారే, ఇల్లు అడగలేదుగా."

"నీలం తలుపుది హోటలా? కుక్క ఉన్న హోటలా?"

అల్సీడ్ చిక్కుళ్ళ మీద అమితమైన ఆసక్తి చూపించాడు.

ఎజెలీ చెల్లెలు తన మొగుడి చొక్కా కాలరు మీద లిప్‌స్టిక్ మరకలు వెతికేది. ఎజెలీకి ఆ కష్టం లేదు. ఆమె వెతికేది టమాటా మరక. దుగాస్‌ల ఇంట గంబోలో టమాటా పడటమంటే చర్చిలో చెప్పులు విసరడంలాంటిది. ఫిలొమీన్‌ది క్రియోల్ వాళ్ళ చెయ్యి. రొయ్యలు, బెండకాయలు, వాటితో టమాటా. గురువారం గురువారం చొక్కా జేబు కింద ఎర్రటి చుక్క కనపడుతూనే ఉంది. ఎజెలీ ఆ చుక్కని సబ్బుతో రుద్దినంత గట్టిగా ఏ పాపాన్నీ రుద్దలేదు. వేరే ఆడదైతే నాలుగు తిట్టి, జుట్టు పట్టుకుని వదిలించుకోవచ్చు. బెండకాయని ఏమని తిడుతుంది?

పోనీ ఒకసారి తిని చూస్తే? పొరుగింటి పుల్లకూర రుచి అని సరిపెట్టుకుని ఊరుకోవచ్చు. చెత్తగా ఉంటే మరీ మంచిది. ఆ గురువారం అల్సీడ్ వ్యాను అటువైపు రాని వేళ చూసుకుని, చర్చికి వెళ్ళే టోపీ పెట్టుకుని, పోస్టాఫీసు వెనక్కి వెళ్ళింది.

చెత్తగా లేదు. అదే వచ్చిన చిక్కు. మొదటి చెంచాకే లోపలెక్కడో ఒక తలుపు తెరుచుకుంది, దాన్ని మూయడానికి రెండో చెంచా తీసుకోవాల్సి వచ్చింది. గిన్నె ఖాళీ అయ్యాక అడుగున ఉన్న పూల బొమ్మ ఆమెని వెక్కిరించింది.

"మిస్ ఎజెలీ!" ఫిలొమీన్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పొడుగ్గా, నిటారుగా, ఎవరికీ తొందరపడని మనిషి. మొగుడు పోయాక ఆ వంటిల్లే ఆమె సంసారం. "ఇన్నాళ్ళకి దారి తెలిసిందా?"

"పోస్టాఫీసుకి వచ్చాను. స్టాంపులకి."

"పోస్టాఫీసు ఇవాళ మూసేశారుగా."

"అందుకే ఇటొచ్చాను."

ఫిలొమీన్ నవ్వు దాచుకోలేదు. ఎదురు కుర్చీలో కూర్చుంది. "మీ ఆయన్ని చాలాసార్లు అడిగాను, మీ ఇంట్లో గంబో ఎలా ఉంటుందని. దుగాస్ వాళ్ళది నల్లటి గంబో అని మా అమ్మ చెప్పేది. చూడాలని నాకూ ఉంది."

"ఏమన్నాడు?"

"ఏదో ఉడకేస్తుందిలే అన్నాడు."

ఎజెలీ డబ్బులు బల్ల మీద పెట్టి, చాలా మర్యాదగా సెలవు తీసుకుని, ఇంటిదాకా నడిచింది. కారు పోస్టాఫీసు దగ్గరే ఉండిపోయిందన్న సంగతి గుమ్మంలో కాలు పెట్టాక గుర్తొచ్చింది.

ఏదో ఉడకేస్తుంది! ముసలి కోడిని తెల్లారి నుంచి పొయ్యి మీద పెట్టి, నూనెలో పిండి పోసి, అది తేనె రంగు దాటి, పాత రాగి రంగు దాటి, కాల్చిన కాఫీగింజ రంగుకి వచ్చేదాకా చెయ్యి ఆపకుండా తిప్పే మనిషి గురించి చెప్పవలసిన మాట అదా? ఆ పిండినే రూ అంటారు. దాన్ని తిప్పుతుంటే తలుపు కొట్టినా, ఇల్లు అంటుకున్నా కదలకూడదు. కదిలితే మాడుతుంది. మాడితే పారబోసి మళ్ళీ మొదలు. ఎజెలీ తన పెద్దకూతుర్ని కనడానికి ముందు రూ పూర్తిచేసి, పొయ్యి ఆర్పి, అప్పుడు ఆసుపత్రికి వెళ్ళింది.

నవంబరులో మొదటి చలిగాలి దిగబోతోందని రేడియోలో చెప్పారు. ఉత్తరపు గాలి తగలగానే అక్కడ ప్రతి ఇంటా గంబో పొయ్యెక్కుతుంది. ఎవరూ ఎవరికీ చెప్పుకోరు, దుప్పట్లు తీసినట్టే గంబో కుండా తీస్తారు. ఆ శనివారం ఉదయం ఫ్రెంచి కార్యక్రమానికి అల్సీడ్‌ని పిలిచారు, చలికాలంలో ఎక్కడేం తినాలో చెప్పమని. పిలిచింది ఆ కార్యక్రమం నడిపే ఎతియెన్ అనే పెద్దాయన. ఊరంతా ఆయన్ని నోంక్ అంటుంది, మనం బాబాయ్ అన్నట్టు.

వంటింట్లో రేడియో పెట్టుకుని ఎజెలీ రూ తిప్పుతోంది. అల్సీడ్ గొంతు సవరించుకున్నాడు. కుందేలు పులుసు పలానా చోట, కూబియోన్ అనే క్యాట్‌ఫిష్ కూర పలానా వంతెన కింద, తియ్యటి పిండితో కాల్చే పండ్ల మిఠాయి మఠంలోని సన్యాసినుల దగ్గర. అలా అలా గంబో దగ్గరికొచ్చాడు.

ఎజెలీ ఎడమచేత్తో ఫోను అందుకుని రేడియోవాళ్ళకి కలిపింది, చెవికీ భుజానికీ మధ్య ఇరికించింది. కుడిచెయ్యి మాత్రం తిరుగుతూనే ఉంది.

"ఎవరమ్మా మాట్లాడేది?" అన్నాడు నోంక్ ఎతియెన్.

"పక్క జిల్లా శ్రోతని," ఎజెలీ గొంతు మార్చింది.

ప్రతి ఆదివారం చర్చిలో బైబిలు పాఠం చదివే గొంతుని మార్చడం అంత తేలిక కాదు. స్టూడియోలో కుర్చీ కిర్రుమంది.

"అడగండి, పక్క జిల్లా మేడమ్," పెద్దాయన గొంతులో నవ్వు.

"దుగాస్ గారు ఊరందరి వంటల గురించీ చెబుతున్నారు. వారి ఇంట్లో గంబో మాట ఏంటి? ఉడికిందేదో తింటున్నారా, లేక బాగుంటుందా? దేవుడి మీద ఒట్టేసి చెప్పమనండి."

రూ బుడబుడమంది.

"ఎజెలీ..." అన్నాడు అల్సీడ్ నెమ్మదిగా.

"ఎజెలీ ఎవరో నాకు తెలీదు. జవాబు చెప్పమనండి."

"బాగుంటుంది," అన్నాడు.

"ఎంత?"

పళ్ళు పీకించుకునేవాడి గొంతుతో అన్నాడు. "ఈ బయూకి రెండు ఒడ్డుల్లోనూ అంత మంచి గంబో లేదు. చాలా?"

ఎజెలీ ఫోను పెట్టేసింది. ముఖం వేడెక్కింది, పొయ్యి వల్ల మాత్రమే కాదు. రూ సరిగ్గా కాఫీగింజ రంగుకొచ్చింది. ఉల్లిపాయలు పోసింది, సుయ్యిమంది. అప్పుడు, ఆ సుయ్యిమన్న చప్పుడులో, తను చేసిన పని తెలిసొచ్చింది.

ఆ ఊళ్ళో గంబోకి పిలుపులుండవు. మా కుండ బాగుంది అని నలుగురిలో అన్నాడంటే అదే పిలుపు. గొప్ప చెప్పుకున్నవాడు గిన్నెలు కూడా వెయ్యాలి. అందుకే అక్కడ మగవాళ్ళు బయట పెళ్ళాం వంటని తక్కువ చేసి మాట్లాడతారు, ఆడవాళ్ళూ ఏమనుకోరు. పుట్టినప్పటి నుంచీ తెలిసిన ఈ సంగతిని ఎజెలీ ఒక ఎర్ర చుక్క కోసం మరిచిపోయింది. పైగా అన్నది నలుగురిలో కాదు, రేడియోలో.

చలిగాలీ జనమూ దాదాపు ఒకేసారి వచ్చారు. ముందు ఎదురింటి వాళ్ళు, చేతిలో సొంత చెంచాలతో. తర్వాత చర్చి పాటల బృందం. అల్సీడ్ పినతండ్రి కొడుకు సంచెడు పందితోలు వేపుడుతో వచ్చి, "నా పేరు ఎక్కడా చెప్పలేదేరా రేడియోలో?" అని దెబ్బలాడాడు. ఎవరో బంగాళాదుంప సలాడ్ బకెట్‌తో తెచ్చారు. కొందరు దాన్ని గంబోలో వేసుకున్నారు, కొందరు అలాంటివాళ్ళని చూసి ముక్కు విరిచారు. నోంక్ ఎతియెన్ మైకు లేకుండానే అందరికీ వినపడేలా మాట్లాడాడు. చెల్లెలు అన్నం మీద అన్నం వండింది. ఎజెలీ కుండలో గరిటె ముంచినకొద్దీ వరస పెరిగింది.

వరస చివర్లో ఫిలొమీన్ కనపడింది. ఆదివారపు కోటు వేసుకుంది.

"కొట్టు మూసేశాను," అంది. "అప్పుడు టెక్సస్ నుంచొచ్చిన వాళ్ళు ఇవాళ మళ్ళీ వచ్చి, వాళ్ళు కూడా ఇక్కడికే తిరిగారు. నేనొక్కదాన్నీ అక్కడ కూర్చుని ఏం చెయ్యను?"

ఆ మాటలో ఉన్న పులుపు ఎజెలీకి ఎంత తియ్యగా ఉందో చెప్పడం కష్టం. నిండుగా పోసి ఇచ్చింది, కోడి తొడ ముక్క ఏరి మరీ.

ఫిలొమీన్ మెట్టు మీద కూర్చుని తింది. ఎజెలీ అటు చూడకుండా చూసింది. ఫిలొమీన్ చెంచా మొదట నెమ్మదిగా, తర్వాత కొంచెం వేగంగా, ఆ తర్వాత గిన్నె అంచున గీకుతూ నడిచింది.

"రంగు ఎక్కువైంది," అంది చివరికి.

"మీకు టమాటా అలవాటు."

"మాడే అంచుదాకా తీసుకెళ్ళారు."

"అంచు ఎక్కడుందో నాకు తెలుసు."

ఫిలొమీన్ ఖాళీ గిన్నె ముందుకి చాచింది. "ఇంకోసారి చూపించండి అంచు."

ఎజెలీ పోసింది. గరిటె కుండ అడుగుకి తగిలి టంగుమంది. అదే ఆఖరు.

అప్పుడే అల్సీడ్ వచ్చాడు. స్టూడియో నుంచి వస్తూ దారి పొడుగునా జనం వ్యాను ఆపి భుజం తట్టారట. ఇంటి ముందు బారుగా కార్లు, పెరడంతా గిన్నెల చప్పుడు. కుండలోకి తొంగిచూశాడు. ఫిలొమీన్ చేతిలో గిన్నె చూశాడు. తర్వాత ఎజెలీని చూశాడు.

"నాకు?"

"నువ్వు హోటళ్ళలో తింటావుగా," అంది ఎజెలీ.

అల్సీడ్ బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు. "బంకులో బూడాన్ గురించి మొదట చెప్పింది నేను. ఇప్పుడు నాకే దొరకదు, వరసలో నిలబడాలి. ఎటుఫే ఇల్లు చెప్పాను. శనివారం నాకు కుర్చీ లేదు. ఫిలొమీన్ గురించి చెప్పాను. రెండు గిన్నెలు తినేవాణ్ణి, ఒకటే ఇస్తోంది." ఫిలొమీన్ తలూపి ఒప్పుకుంది. "నా నోటితో నేనే అన్నీ పోగొట్టుకున్నాను. ఒక్క కుండ దాచుకున్నాను ఎజెలీ, ఒక్కటి. అది కూడా అడిగి చెప్పించావు."

పాటల బృందంలో ఒకాయన గిన్నె నాకుతూ, "మళ్ళీ చలి ఎప్పుడంట?" అని పక్కవాణ్ణి అడుగుతున్నాడు. అల్సీడ్ ఆ పాటగాణ్ణి చూసిన చూపు ఎజెలీకి బాగా తెలిసిన చూపే. ఆమె దాన్ని కొన్నేళ్ళుగా టమాటా మరకల మీద ప్రయోగిస్తోంది. వేరొకరి ముఖం మీద అది ఎంత హాస్యంగా ఉంటుందో ఇన్నాళ్ళూ తెలియలేదు. ఓదార్చాలనిపించింది. కాస్త ఆగి ఓదారుద్దాం అని కూడా అనిపించింది.

వంటింట్లోకెళ్ళి నూనె సీసా తీసింది. మూకుడు పొయ్యి మీద పెట్టి పిండి పోసింది.

"ఎవరికి?" అల్సీడ్ లేచి నిలబడ్డాడు.

"ఇంకా వస్తున్నారుగా జనం."

వీధిలో కారు ఆగింది. తలుపు తెరుచుకోకముందే అల్సీడ్ గేటు దగ్గరికి పరిగెత్తాడు. కారులోంచి ఎవరో అడిగారు, గంబో ఇంటి దుగాస్ ఇదేనా అని.

"కాదు, కాదు," అన్నాడు అల్సీడ్ చెయ్యి ఊపుతూ. "ఇక్కడ గంబో గింబో ఏం లేదు. పోస్టాఫీసు వెనక అడగండి."

"కొట్టు మూసేశానయ్యా!" అని మెట్టు మీంచి అరిచింది ఫిలొమీన్.

"అబద్ధమాడకు అల్సీడ్," వంటింట్లోంచి ఎజెలీ గొంతు పెంచింది, చెయ్యి మాత్రం ఆపలేదు. "రమ్మను వాళ్ళని. అయ్యేసరికి మూడు గంటలు పడుతుంది, కూర్చోమను."

వాళ్ళు లోపలికి వచ్చేలోగా అల్సీడ్ ఒక గిన్నె, చెంచా వెతుక్కుని, పొయ్యికి ఆనుకుని, అందరికన్నా ముందు నిలబడ్డాడు.