బేబీ క్లాసు గుమ్మంలో

వారిజకి రెండు జడలు వేసి రిబ్బన్లు కడుతుంటే మా ఆయన గుమ్మంలో నిలబడి, "బళ్ళో నిన్ను అమ్మా అని పిలవొద్దని దానికి చెప్పు," అన్నారు. వానొచ్చేట్టుంది, గొడుగు పట్టుకెళ్ళు అన్నంత మామూలుగా అన్నారు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. మరేమని పిలవాలండీ అన్నాను. "ఆయా అనమను. అక్కడందరికీ ఆయాలే వస్తారు." రిబ్బను ముడి ఎంతకీ పడలేదు నాకు. పిల్ల తల అటూ ఇటూ తిప్పుతూ, "నొప్పి, నొప్పి," అంటోంది.

అది డెబ్బై నాలుగు జూన్. వన్‌టౌనులో మాకు చేనేత చీరల కొట్టు ఉండేది. నేను మైలవరం పిల్లని. మా నాన్న మగ్గం నేసేవాడు, నేను కండెలు చుట్టేదాన్ని. రెండో తరగతిలో ఉండగా చెల్లి పుట్టింది, దాన్ని ఎత్తుకోవడానికి మనిషి కావాలని బడి మాన్పించారు. ఆ ముక్క మా ఆయనకి పెళ్ళిచూపుల్లోనే తెలుసు. అప్పుడేమీ అభ్యంతరం లేదు. గుణదలలో కాన్వెంటుకి దరఖాస్తు పెట్టినప్పుడు వచ్చింది అభ్యంతరం. తల్లిదండ్రులిద్దరినీ కూర్చోబెట్టి ఇంగ్లీషులో ప్రశ్నలడుగుతారట. "దీన్ని తీసుకెళ్తే గేటు దగ్గర్నించే పంపించేస్తారు," అన్నారు మా అత్త వెంకటరావమ్మగారు. ఆ వైశాఖంలోనే మా మరిదికి పెళ్ళయింది. తోడికోడలు హైమవతి గుడివాడ పిల్ల, బి.ఏ. చదివింది. ఇంకేముంది, హైమ నా పట్టుచీర కట్టుకుని, మా ఆయన పక్కన కూర్చుని, వారిజ తల్లినని ఇంగ్లీషులో చెప్పొచ్చింది. సీటు వచ్చింది. అందరూ స్వీట్లు తిన్నారు. నేనూ తిన్నాను, దాచడమెందుకు. పిల్ల చదువుకుంటుందన్న సంతోషంలో అదేం పనో నాకు వెంటనే తట్టలేదు. హైమే పెరట్లోకి వచ్చి, "అక్కా, నాకు ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ చెమటలు పట్టాయి. నువ్వన్నా వద్దనలేదేం?" అంది. నన్నెవరు అడిగారు హైమా అన్నాను. "నన్ను మాత్రం అడిగారా?" అంది అది.

ఆ బళ్ళో ఒక పద్ధతి ఉండేది. మొదటి నెల తల్లుల్ని గేటు దాటనివ్వరు. తల్లి కనబడితే పిల్ల ఇంకా ఏడుస్తుందని. ఆయాలనైతే రానిస్తారు. బేబీ క్లాసు గుమ్మం దగ్గర వరసగా కూర్చోబెడతారు, ఎవరు తడుపుకున్నా, ఎవరు కక్కుకున్నా లేచి వెళ్ళి కడగాలి. కాబట్టి మా ఆయన పుణ్యమా అని, ఊళ్ళో ఏ తల్లికీ దొరకని చోటు నాకు దొరికింది. గేటు అవతల కారుల్లో వచ్చిన తల్లులు ఊచలు పట్టుకుని కళ్ళు తుడుచుకుంటుంటే నేను దర్జాగా లోపలికి వెళ్ళేదాన్ని. మొదటి వారమంతా ఆ గది ఒకటే ఏడుపు. ఒకరు ఆపితే ఇంకొకరు ఎత్తుకునేవాళ్ళు. తెరేసమ్మ టీచరు పాపం బల్ల మీద కొడుతూ పాట పాడేది, ఆ పాట ఎవరికి వినబడిందో. వారిజ మాత్రం ఏడవలేదు. పలక గుండెలకి అదుముకుని, నా వైపు ఒక్కసారి చూసి, చప్పున తల తిప్పేసుకునేది. దానికి నాలుగేళ్ళు. అమ్మా అని పిలిస్తే సిస్టరుగారు నాన్నని కొడతారని వాళ్ళ నాన్న చెప్పి పంపారు. అందుకని నోరు బిగించుకుని కూర్చునేది. మూతి వణికేది. మిగతా పిల్లలు ఏడ్చి ఏడ్చి తేలికపడుతుంటే, నా పిల్ల ఏడుపు దాని కడుపులోనే ఉండిపోయేది.

ఆయాల్లో గుణదల మనిషి శౌరమ్మ నాతో బాగా మాట్లాడేది. ఓ రోజు అడిగింది, "మీవాళ్ళు జీతం ఎంతిస్తారు రాఘవమ్మా?" ఏం చెప్పను? తిండి పెడతారు అన్నాను.

"తిండి సరే, జీతమో?"

"ఏడాదికి రెండు చీరలు."

"వంట కూడా నువ్వేనా?"

"ఆ. అంట్లూ, బట్టలూ నావే."

"సెలవు?"

"లేదు."

శౌరమ్మ వక్క నములుతూ నన్ను ఎగాదిగా చూసింది. "మాట్లాడుకోకుండా ఎట్టా ఒప్పుకున్నావే పిచ్చిమొహమా? ఆ ఇల్లు మానేసి ఇంకో ఇల్లు చూసుకో. నేను చెప్తా ఎవరికన్నా." మిగతా ఆయాలు నవ్వారు, నేనూ నవ్వాను. తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో ఏలూరు కాలవ వెంబడి వస్తున్నంతసేపూ ఆ మాటే తిరిగింది నా బుర్రలో. శౌరమ్మకి అబద్ధం ఒక్కటే చెప్పాను, ఆయానని. మిగతాదంతా నిజమే.

రెండో వారంలో ఓ సాయంత్రం అందరం పీటల మీద కూర్చుని ఉన్నాం. మంచినీళ్ళు కావాల్సొచ్చి వారిజ, "ఆయా, నీళ్ళు," అంది. ఇంట్లో. మా అత్తగారు పొలమారేంత నవ్వారు. మా మరిది, "వదినా, ప్రమోషనొచ్చిందే నీకు," అన్నాడు. మా ఆయన మురిసిపోయారు. "చూశావా, కాన్వెంటు కాన్వెంటే. చెప్పింది చెప్పినట్టు పట్టేసింది." నేను లేచి నీళ్ళిచ్చాను. గ్లాసు అందుకుంటూ పిల్ల నా మొహంలోకి చూసింది, తప్పు చేశానా ఒప్పు చేశానా అని వెతుక్కుంటున్నట్టు. ఆ రోజు హైమ ఒక్కతే అన్నం ముద్ద వదిలేసి లేచి వెళ్ళింది.

మర్నాటి నుంచి ఆషాఢం. కొత్తకోడలు అత్తగారింట్లో ఉండకూడదు కదా, హైమవతిని గుడివాడ పంపించేశారు. చీరలు, సారె, పిండివంటలు, అన్నీ గుర్తున్నాయి మావాళ్ళకి. బడి లెక్కలో వారిజ తల్లి కూడా ఆ బస్సెక్కి వెళ్ళిపోతోందని మాత్రం ఒక్కరికీ తోచలేదు.

మూడో వారం. పదింటికల్లా పిల్ల బల్ల మీద తల వాల్చేసింది. నేను లేచి వెళ్ళి నుదురు పట్టుకుంటే కాలిపోతోంది. ఎత్తుకుని ఇంటికి తీసుకెళ్తానండీ అన్నాను తెరేసమ్మ టీచరుతో. "ఆయాలకివ్వం. జ్వరమొస్తే తల్లన్నా రావాలి, తండ్రన్నా రావాలి. అది రూలు," అంది. పెద్ద సిస్టరు వచ్చారు, మలయాళం ఆవిడ. మనిషి మంచిదే. పిల్లని తడిమి చూసి, కొట్టుకి ఫోను చేయించారు. కబురు వచ్చింది: తల్లి పుట్టింటికి వెళ్ళింది, కొట్టులో గుంటూరు పార్టీ ఉంది, గంటలో వస్తాను, లేకపోతే ఆయాతో పంపించండి.

సిస్టరు తల అడ్డంగా ఆడించారు. "బడి మొదలయి మూడు వారాలు. పిల్లని వదిలి పుట్టింటికా? ఏం తల్లి ఈవిడ?" అని టీచరుతో అంటున్నారు. ఎవరిని అంటున్నారు ఆవిడ? హైమనా, నన్నా? నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను, చేతులు ఊరికే వేలాడేసుకుని. పిల్ల వణుకుతోంది. పలవరిస్తున్నట్టు నా వైపు చెయ్యి చాచి, "ఆయా, ఆయా," అంటోంది. అంత జ్వరంలోనూ మరిచిపోలేదు. వాళ్ళ నాన్నని కాపాడుకుంటోంది. గంటసేపు అలాగే ఉండనివ్వాలి నేను. ఉండనిస్తే సీటు నిలబడుతుంది.

"నేను దాని తల్లినండీ," అన్నాను.

సిస్టరు నన్ను కింది నుంచి పైకి చూశారు. "తల్లి హైమవతి. నేనే మాట్లాడాను ఆవిడతో."

"ఆవిడ మా తోడికోడలండీ. నేను చదువుకోలేదని ఆవిడని తీసుకొచ్చారు. కన్నది నేను."

తరవాత సంగతి ఇక్కడే చెప్పేస్తాను, మీరు కంగారు పడకుండా. సీటు పోలేదు. మా ఆయన్ని పిలిచి అరగంట నిలబెట్టి చివాట్లు పెట్టారు. ఆయన శ్రావణం వచ్చేదాకా నాతో మాట్లాడలేదు, మా అత్తగారు మాట్లాడకుండా ఒక్క పూటా ఉండలేదు. నన్ను మర్నాటి నుంచి గేటు అవతల, ఊచలు పట్టుకున్న తల్లుల్లోకి పంపేశారు. కానీ ఆ గదిలో నిలబడ్డప్పుడు ఇవేవీ నాకు తెలియవు. పిల్ల చదువు నా నోటితో నేనే పాడుచేశాననే అనుకున్నాను.

సిస్టరు నా మాట నమ్మలేదు. ఎలా నమ్ముతారు? వంగి, పిల్ల గడ్డం పట్టుకుని, వచ్చీరాని తెలుగులో మెల్లగా అడిగారు, "బేబీ, ఈమె ఎవరు?"

వారిజ ఎర్రబడ్డ కళ్ళు విప్పి సిస్టరుని చూసింది, టీచరుని చూసింది. ఆఖరికి నా కొంగు పట్టుకుని దగ్గరికి లాక్కుంది. నా చెవిలో, ఎవరికీ వినపడకుండా, "చెప్పనా?" అని అడిగింది.

"చెప్పు," అన్నాను.