ఇంట్లో ఫిట్ ఉన్న పిల్ల

"పొద్దుగాల లేచుడు నీకు అలవాటే గదా" అన్నది సారవ్వ, కూతురు తిరుమల మిలిటరీ నుంచి ఆఖరి సెలవు మీద వచ్చి బూట్లు విప్పుతుండగానే.

ఆ ఒక్క మాటతో గోదావరిఖనిలోని ఆ బొగ్గుగనుల కంపెనీ క్వార్టర్‌లో పనులన్నీ చేతులు మారాయి. చీకటితో నల్లా వస్తే బిందెలు నింపడం తిరుమల వంతయింది. గ్యాస్ సిలిండర్ పై అంతస్తుకు మోయడమూ ఆమె వంతే, బరువులెత్తడం అలవాటే గదా. మే నెల ఎండలో రేషన్ షాపు ముందు నిలబడటమూ ఆమె వంతే, గేటు కాడ నిలబడటం అలవాటే గదా. వదిన రాజకుమారి అంట్లగిన్నెల టబ్బును కాలితో ఆమె ముందుకు జరిపి, మిలిటరీలో గిన్నెలు ఎవరు తోముతారని నవ్వుతూ అడిగింది. ఎవరి ప్లేటు వాళ్ళే కడుక్కుంటారని తిరుమల చెప్పింది. అది జోకనుకుని రాజకుమారి ఇంకా నవ్వింది. టబ్బు మాత్రం అక్కడే ఉంది.

అది నాలుగేళ్ళ కొలువు. మిలిటరీ పోలీసు. గడువు అయ్యాక నలుగురిలో ఒకరిని ఉంచుకుని మిగతావాళ్ళను పంపేస్తారు. ఉండాలనుకున్నవాళ్ళు అడగాలి. తిరుమల అడగలేదు. నెలాఖరుకు యూనిట్‌కు పోయి యూనిఫాం అప్పజెప్పి వస్తే కథ ముగిసినట్టే. ఈ సంగతి ఆమె ఇంట్లో విడమరిచి చెప్పింది. ఆ మాట వంటింటి గడప దాటేసరికి "మిలిటరోళ్ళు వద్దన్నరట" అయింది. కాలనీ మలుపు తిరిగేసరికి "ఏం తప్పు చేసిందో ఏమో" అయింది. ఆడపిల్ల తనంతట తాను ఒక కొలువును వద్దనుకుందంటే నమ్మడానికి ఎవరికీ మనసు రాలేదు. వద్దనడం ఎప్పుడూ అవతలివాళ్ళ పనే కావాలి. ఆమెను ఎవరో ఒకరు కాదనాలి, అప్పుడే లెక్క సరిపోతుంది. ఇంతకూ ఎందుకు వద్దనుకున్నావని ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పేది. ఒక మధ్యాహ్నం మిలిటరీ ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు తలుపు దగ్గర కాపలా పడింది. లోపల ఒక జవాను భార్యకు ఫిట్స్ వచ్చాయి. తిరుమల ఆమెకు దగ్గరలోనే ఉంది. తలుపు వదలకూడదని ఆర్డరు. అవతలి చివర నుంచి నర్సు పరుగెత్తుకొచ్చి, మనిషిని పక్కకు ఒత్తిగిల్లజేసి, నోటి నురగ తుడిచి, సూది వేసి, అన్నిటి మధ్యా ఆమె చెవిలో ఏదో చెబుతూనే ఉంది. తిరుమల చేతులు లాఠీ మీద ఉన్నాయి. ఆ సాయంత్రం డ్యూటీ రిపోర్టులో 'ఏమీ జరగలేదు' అని రాసింది. తలుపు దగ్గర నిజంగానే ఏమీ జరగలేదు మరి.

అందుకే నర్సింగు. ఇంటర్‌లో బైపీసీ చదివిన పిల్లే. ఎంట్రన్సు పరీక్ష వచ్చే ఆదివారం కరీంనగర్‌లో. బిందె నిండేలోపు ఒక పేజీ, అన్నం ఉడికేలోపు ఒక పేజీ చదివేది. గుండెలో నాలుగు గదులు, ఏ గదిలోకి ఏ రక్తం వస్తుందో కళ్ళు మూసుకుని అప్పజెప్పుకునే సమయానికి సరిగ్గా ఎవరో పిలిచేవారు. చాయ్ పెట్టు. బట్టలు తియ్యి, వాన మబ్బు పట్టింది. అన్నకు వేడినీళ్ళు కాచు, కాలు గుంజుతుందట. తిరిగొచ్చి చూస్తే పుస్తకం మీద ఎవరో వేడి గిన్నె దించి ఉండేవారు.

"నర్సంటే ఏందే?" అన్నది సారవ్వ ఒకరోజు, పుస్తకం మీది గిన్నె తియ్యకుండానే. "పెద్దోళ్ళ ఉచ్చలు దొడ్లు ఎత్తుడే గదా. మీ నాయనమ్మకు ఆరేండ్లు ఎత్తిన. నేనేం చదివిన?"

తిరుమలకు జవాబు నోటి దాకా వచ్చింది. ఆరేళ్ళు ఎత్తినందుకు నీకు ఎవరన్నా ఏమన్నా ఇచ్చారా అవ్వా, కనీసం నడుము నొప్పికి జండూబామ్ అన్నా? ఇంట్లో చేస్తే అది ధర్మం, దానికి పేరుండదు. నేర్చుకుని బయట చేస్తే నామోషీ. కానీ తల్లి మొహంలో ఆ ఆరేళ్ళ అలసట ఇంకా అలాగే ఉంది. తిరుమల గిన్నె తీసింది.

అసలు ఉరుము భూపాల్ నుంచి వచ్చింది.

భూపాల్ ఆమె అన్న. బొగ్గుబాయి కార్మికుడు జబ్బుపడి మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని తేలిస్తే, ఆ నౌకరి పిల్లల్లో ఒకరికి వస్తుంది. తండ్రి పోశం మొన్నటి శీతాకాలంలోనే అన్‌ఫిట్ అయ్యాడు. ఆ రోజు ఇంటిల్లిపాదీ పండగ చేసుకుని కాలనీలో జిలేబీ పంచారు. అందరూ వచ్చి పోశంతో చెయ్యి కలిపి పోయారు. నౌకరి భూపాల్‌కే అనుకున్నారు. కానీ బండి మీద నుంచి పడినప్పుడు కాలిలో వేసిన రాడ్డు చూసి డాక్టర్లు అతన్నీ కాదన్నారు. దాంతో ఇంట్లో ఫిట్ ఉన్నది తిరుమల ఒక్కతే మిగిలింది.

ఆ సంగతి అతను అన్నం తింటూ ప్రకటించాడు. తిరుమల పేరు ఇచ్చేశాడట. ఎల్లుండే మెడికల్ అట. ఆడపిల్లలకు బాయి పైన, ఆఫీసుల దగ్గర పని ఉంటుందట. దేవుడు చేసిన మేలట, మిలిటరోళ్ళు ఆమెను వద్దనడం.

"నౌకరి నీ పేరు మీద, జీతం ఇంటికి" అన్నాడు. "మూడు నాలుగేండ్లయినంక లగ్గం చేస్తం. అప్పటి ముచ్చట అప్పుడు."

"నన్నడిగినవా అన్నా?"

"అడిగేటందుకు ఏమున్నది? దేశం కోసం ఎండల నిలబడితివి. ఇంటి కోసం నిలబడవా?"

రాజకుమారి చారు పోస్తూ, ఇలాంటి నౌకరి కోసం మంది మొక్కుతున్నారని గుర్తుచేసింది. సారవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కూతురు కళ్ళ ముందే ఉంటుందన్న సంతోషం అది. ఆ సంతోషంలో తిరుమలకు ఊపిరాడలేదు. గోడకు ఆనుకుని కూర్చున్న పోశంకు దగ్గుతెర వచ్చింది. అందరూ అది తగ్గేదాకా ఆగారు, బయట లారీ పోతుంటే మాట ఆపినట్టు.

"బాపుకు ఏం రోగమని రాసిన్రు?" అని అడిగింది తిరుమల.

భూపాల్ ముద్ద మధ్యలో ఆపాడు. "ఏదో ఊపిరితిత్తులదట. ఇంగ్లీషుల రాసిన్రు. అన్‌ఫిట్ అన్నరు గదా, గంతే చాలు."

ఎల్లుండి రానే వచ్చింది. "ఆటో ఎక్కు" అన్నాడు భూపాల్. తిరుమల ఎక్కింది. ఆమెకు తన మీద తనకే మంట పుట్టించింది అదే. నాలుగేళ్ళు పేరు పిలిస్తే లేచి నిలబడటం నేర్పారు, నిలబడటానికి ఇష్టమేనా అని అడగడం నేర్పలేదు. అంతకుముందు ఇరవై ఏళ్ళు ఇంట్లో అదే నేర్పారు. వదిన టబ్బు జరిపితే తోమింది, అన్న ఆటో చూపిస్తే ఎక్కింది. తండ్రిని కూడా సాక్ష్యానికన్నట్టు వెంట తీసుకెళ్ళారు. ఆటోలో ఆయన తల బయటి వైపు పెట్టి గాలి కోసం నోరు తెరిచి కూర్చున్నాడు.

కంపెనీ దవాఖానలో ఆమెను తూచారు, కొలిచారు, ఛాతీ ఫొటో తీశారు, దూరం నుంచి అక్షరాలు చదివించారు. అన్నీ చదివింది. అట్టడుగు వరస కూడా. వరండాలో భూపాల్ పక్కవాళ్ళకు గర్వంగా చెబుతున్నాడు, మా చెల్లె మిలిటరీ పిల్ల, ఆమె ఫిట్ కాకపోతే ఎవరు ఫిట్ అని. తన ఒంట్లో తనకంటే అతనికే ఎక్కువ వాటా ఉన్నట్టుంది.

చివరి గదిలో డాక్టరూ, పక్కన ఒక ఆఫీసరూ కూర్చుని ఉన్నారు. ఆఫీసరు తల ఎత్తకుండానే అందరినీ అడిగే ప్రశ్న అడిగాడు. "ఇష్టపూర్వకంగానే చేరుతున్నావా అమ్మా?"

"ఇష్టమే సార్" అన్నాడు భూపాల్, తలుపు దగ్గర నుంచి.

ఆఫీసరు రాయబోయాడు.

"సార్, మీరడిగింది నన్ను" అన్నది తిరుమల.

అతను తల ఎత్తాడు. ఆమె అతని వంకే చూస్తూ చెప్పింది. "నాకు ఇష్టం లేదు. నేను నర్సింగు చదువుకుంట. ఈ నౌకరి నాకొద్దు సార్."

భూపాల్ ఆమె చిన్నపిల్లనీ, ఎండకు తల తిరిగిందనీ ఏదేదో చెప్పబోయాడు. ఆఫీసరు చెయ్యెత్తి ఆపాడు. ఇలాంటిది మళ్ళీ రాదు, ఇంటికి పోయి ఆలోచించుకోమన్నాడు, కోపం లేకుండానే.

"ఆలోచించుకునే చెప్తున్న సార్." ఆమె డాక్టరు వైపు తిరిగింది. "మా బాపు పోశం. మొన్న చలికాలంల అన్‌ఫిట్ చేసిన్రు. ఆయనకు ఏం రోగం సార్?"

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. మీవాళ్ళు ఎవరూ ఈ మాట అడగలేదమ్మా అన్నాడు. తరవాత కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. మందు రాశాడు. ఇక్కడే ఇస్తారని, నెలనెలా తీసుకోవాలని చెప్పాడు.

బయట బెంచీ మీద పోశం ఒక్కడే ఉన్నాడు. మందుల కవరుతో వచ్చి ఆమె తండ్రి ముందు గొంతుకూర్చుంది. ఆయన అడిగింది నౌకరి గురించే. వద్దన్నానని చెప్పింది. సంతోషమో దుఃఖమో ఆ మొహంలో ఆమెకు దొరకలేదు.

"నీ ఊపిరితిత్తులు గట్టిపడ్డయి బాపు. దుమ్ము, బీడీ రెండు కలిసి పాడుచేసినయి. మొత్తం పోదట. కాని గీ మందు పీలిస్తె ఆయాసం తగ్గుతది."

పోశం కవరు వంక చూశాడు. "దీనికి మందున్నదా?" అన్నాడు.

అప్పటికి భూపాల్ కుంటుతూ వచ్చాడు. వరండా అంతా వినేట్టు మొదలుపెట్టాడు. ఇంటిని నిలువునా ముంచావన్నాడు, మిలిటరీకి పంపడమే తప్పన్నాడు, అవ్వకు ఏ మొహం చూపిస్తావన్నాడు. అతనికి మాటలు అయిపోయి, ఆఖరికి ఒకటి దొరికింది.

"నర్సువైతనంటివి గదా. ఇంట్లనే ఉన్నడు పేషెంటు. కూసొని చూసుకో."

తిరుమల మందుల కవరు అతని చేతిలో పెట్టింది. ఏమిటో అర్థం కాక అతను పట్టుకున్నాడు.

"పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పీల్పియ్యాలె. పీల్చినంక నోరు పుక్కిలించుమనాలె. అయిపోయినప్పుడల్ల నువ్వే వచ్చి తీస్కపోవాలె."

"నేనా?" అన్నాడు భూపాల్.

"కొడుకువు గదా. నేను ఈ సాయంత్రమే కరీంనగర్ పోతున్న, పరీక్ష దాక దోస్తు రూముల ఉంట. ఆయాసం ఎక్కువైతె బాపును పండవెట్టకు, కూసోవెట్టు. తగ్గేదాక నువ్వు పక్కన కూసో."