పెదవి దాటిన సవరణ

అమెరికా సభలో ఎవరో లేచి బిల్లుకు సవరణ పెడితే ఎల్లారెడ్డిలో బీడీలు చుట్టుకునే గౌరవ్వకు గుండెదడ ఎందుకు రావాలి? బోడిగుండుకూ మోకాలికీ ముడి పెడుతున్నావని మీరనొచ్చు. అనండి, నాకేం పోయింది. ఆ ముడి వేసింది నేను కాదు, గౌరవ్వ కోడలు కల్యాణి. భర్త రాజలింగు పోయాక, కూతురు నిరోష చదువు మధ్యలో ఆగకూడదని పంతం పట్టి ఇజ్రాయెల్ వెళ్లింది. అక్కడ సముద్రం పక్కనున్న ఒక పట్నంలో, మంచం పట్టిన ముసలామెకు సేవ చేసే పనిలో కుదిరింది.

అప్పటి నుంచి ఆ ఇంట్లో వార్తలు వినే తీరే మారిపోయింది. ఇదివరకు వానల గురించి చెప్పేటప్పుడు మాత్రమే చెవి ఒగ్గే గౌరవ్వ, ఇప్పుడు యుద్ధమన్న మాట వినబడితే చాట పక్కన పెట్టి టీవీ ముందుకొచ్చి కూర్చుంటుంది. మీదికొచ్చే రాకెట్లను ఆకాశంలోనే పేల్చేసే యంత్రాలు అక్కడున్నాయనీ, వాటికి అమెరికా డబ్బు సాయం చేస్తుందనీ మనవరాలు చెప్పింది. ముసలిదానికి అర్థమైంది ఒకటే, కోడలి నెత్తి మీద గొడుగు లాంటిదేదో ఉందని. ఫోన్లో కల్యాణి ముఖం కనబడగానే గొడుగు బాగుందా అని అడిగేది. కల్యాణి నవ్వేది. సైరన్ మోగగానే ముసలామెను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి కింద బంకర్లోకి తీసుకుపోతాననీ, అక్కడ అందరూ ముచ్చట్లు పెట్టుకుంటూ కూర్చుంటారనీ చెప్పేది. అది విన్న రోజు నాయనమ్మా మనవరాలూ కడుపునిండా తినేవాళ్లు.

నిరోష కామారెడ్డిలో డిగ్రీ చదువుతోంది. రోజూ బస్సులో పోయి రావడమే. రాజనీతి పాఠం చెప్పే ప్రభుదాసు సారుకు ఏటా పిల్లలతో నమూనా పార్లమెంటు నడపడం సరదా. మన పార్లమెంటు చూసీ చూసీ విసుగొచ్చిందో ఏమో, ఈసారి అమెరికా ప్రతినిధుల సభ నడుపుదామన్నాడు. విదేశాలకిచ్చే సైనిక సాయం బిల్లు మీద అక్కడి సభ్యులు సవరణలు పెడుతున్నారని పేపర్లో చదివి, అదే అంశం ఖాయం చేశాడు. ఎవరే పక్షమో తేల్చడానికి చీటీలు వేశాడు. నిరోష చీటీ విప్పి చూసింది. ఇజ్రాయెల్‌కు ఇచ్చే సైనిక సాయం పద్దు మొత్తం, ఆకాశ రక్షణ ఖర్చుతో సహా తొలగించాలని సవరణ ప్రతిపాదించే సభ్యురాలు ఆమే.

వెళ్లి సారును బతిమాలింది, చీటీ మార్చమని. ఎందుకని ఆయన అడిగితే అసలు సంగతి దాచేసింది. వాళ్లమ్మ గల్ఫ్‌లో ఉందని కాలేజీలో అందరికీ చెప్పుకుంది. నిజం చెబితే చాలు, ఆ యుద్ధం గురించి క్యాంటీన్లో కొట్టుకునేవాళ్లంతా ఆమెకు ఏదో ఒక పక్షం అంటగట్టేస్తారని భయం. సారు చెడ్డవాడు కాదు. మనకు నచ్చని మాటను కూడా నిలబెట్టగలిగితేనే వాదనంటారనీ, ఆ పని ఆమె కాక ఇంకెవరూ చెయ్యలేరనీ మెచ్చుకోలుగా చెప్పి పంపేశాడు. ఆ మెచ్చుకోలు ఆ పిల్ల పాలిట ఉరితాడైంది.

ఇంటికొచ్చి ఊరుకోక నాయనమ్మకు చెప్పింది. గౌరవ్వ చేతిలోని ఆకు చేతిలోనే ఉండిపోయింది.

“పెదవి దాటితే పృథివి దాటుతది బిడ్డా. తథాస్తు దేవతలు తిరుగుతుంటరు. మీ అమ్మ నెత్తి మీది గొడుగు తియ్యుమని నీ నోటితోనే అంటవా?”

అది ఉత్త ఆటని నిరోష నచ్చజెప్పబోయింది. ఆటలో మాటకు బలం ఉండదంది. గౌరవ్వ వింటేగా! నువ్వు అడిగినాక ఆ కూర్చున్నోళ్లంతా ఏమంటారని ఆరా తీసింది. ఒప్పుకుంటే ఔను అంటారని నిరోష చెప్పింది. దేవతలనేది కూడా అదే కదా, వాళ్ల భాషలో తథాస్తు, మన భాషలో ఔను, అంది ముసలిది. నిరోష నవ్వేసింది. చదువుకున్న పిల్లే, దేవతలు చెట్ల మీద కూర్చుని మన మాటలు వింటారని నమ్మేది కాదు. అయినా తల్లి ప్రాణం దగ్గరికొచ్చేసరికి చదువు ఎంతవరకు ఆగుతుంది చెప్పండి?

ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పన్నింది. కావాలని పాడుగా మాట్లాడాలి. నాలుగు ముక్కలు నత్తినత్తిగా చెప్పి కూర్చుంటే సవరణ ఓడిపోతుంది. సారు మాట దక్కుతుంది, నాయనమ్మ దేవతల నోళ్లూ మూతపడతాయి. తల్లికి మాత్రం పోటీ ఉందని చెప్పింది గానీ అంశమేదో చెప్పలేదు.

పోటీ రోజు పొద్దున బస్సులో ఫోన్ తెరిస్తే అక్కడ మళ్లీ రాకెట్లు పడుతున్నాయని వార్త. ఆ కిందే తల్లి పంపిన మెసేజ్. తాను బాగానే ఉందట, నువ్వు మంచిగ మాట్లాడు బిడ్డా అని. తిరిగి జవాబు రాస్తే అది చేరలేదు. హాల్లోకి వెళ్లేముందు అందరి ఫోన్లూ ఆఫ్ చేయించారు.

నిరోష లేచి నిలబడింది. “అధ్యక్షా” అంది. అనుకున్నట్టే నాలుగు ముక్కలు తడబడింది కూడా. కానీ ఈ ప్రసంగం కోసం ఆమె గాజా గురించి చదివింది. శిథిలాల్లో తమ్ముడి చెప్పు వెతుక్కుంటున్న ఆరేళ్ల పిల్ల ఫొటో చూసి బస్సులోనే కళ్లు తుడుచుకుంది. ఇప్పుడు ఆ పిల్ల కళ్ల ముందుకొచ్చి నిలబడింది. ఇక నత్తి ఎక్కడిది? ఆ పిల్ల ఏం పాపం చేసిందని అడిగింది. ఆ ఇంటి మీద పడిన బాంబుకు మన పన్ను డబ్బు పోయిందా లేదా అని అడిగింది. అడుగుతున్నకొద్దీ గొంతు లేచింది, హాలు నిశ్శబ్దమైంది. పాడు చెయ్యాలనుకున్న సంగతే మరిచిపోయింది. ఆ పిల్లల మీద పడేవాటికీ, తన తల్లి మీద పడకుండా ఆపేవాటికీ డబ్బు ఒకే సంచిలోంచి వస్తోంది మరి. చివరి వాక్యం దగ్గరకు వచ్చాక గాని తానేం అడగబోతోందో గుర్తు రాలేదు. అప్పటికి ఆగే వీలు లేదు.

“కాబట్టి ఆకాశ రక్షణ ఖర్చుతో సహా ఈ పద్దు మొత్తాన్ని తొలగించాలని సవరణ ప్రతిపాదిస్తున్నాను.”

చప్పట్లు మోగిపోయాయి. ఎదుటి పక్షం తరఫున సతీశ్ లేచి కాగితం చూసి గొణిగాడు. రాకెట్లు మామూలు జనం మీదే పడతాయనీ, అక్కడ ముసలివాళ్లుంటారనీ, పొట్టకూటికి వచ్చిన పరాయి దేశస్థులుంటారనీ, వాళ్లకున్న ఒక్క అడ్డూ తీసేయడం న్యాయమా అనీ అడిగాడు. ఎవరూ వినలేదు. ఆ హాల్లో అతని మాటలకు లోలోపల దండం పెట్టుకున్నది నిరోష ఒక్కతే.

సభాపతి కుర్చీలోంచి ప్రభుదాసు సారు ఔననేవాళ్లు చెప్పండన్నాడు. ఔను అని హాలంతా ఒక్క గొంతుతో అరిచింది. కిటికీ అద్దాలు అదిరాయి. నిరోష మాత్రం పెదవి విప్పలేదు, విప్పకపోతే ఏం లాభం. సవరణ గెలిచింది.

బయటికొచ్చి ఫోన్ ఆన్ చేసి తల్లికి చేసింది. కలవలేదు. మెసేజ్ పక్కన ఒకటే టిక్కు, ఇంకా అందలేదన్నమాట. ఎల్లారెడ్డి బస్సెక్కి మళ్లీ చేసింది, తాడ్వాయి దాటాక మళ్లీ చేసింది. ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ కొట్టడానికి కండక్టర్ ఆధార్ కార్డు అడిగితే పరధ్యానంగా కాలేజీ కార్డు చూపించింది. ఎవరో వెనక సీట్లో నవ్వారు. నోరు పారేసుకున్నాను, నా నోట్లో మన్ను పడ, అని తనను తాను తిట్టుకుంటూనే ఇల్లు చేరింది.

గౌరవ్వ గడపలోనే ఉంది. ముఖం చూసి గెలుపు సంగతి గ్రహించింది. తిట్టలేదు. ఆ ముసలిది తిట్టకపోవడం చూసి నిరోషకు ఇంకా భయమేసింది. ఇద్దరూ ఫోన్ మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. చీకటి పడుతున్నా లైటు వేయాలని ఎవరికీ తోచలేదు.

ఫోన్ మోగింది. తెర మీద కల్యాణి ముఖం కనబడింది. నిరోష బావురుమంది. పొద్దుటి నుంచి నెట్‌వర్క్ లేదనీ, ఇంత మాత్రానికే ఏడుస్తారా అనీ కల్యాణి కోప్పడింది. కోప్పడుతూనే ముఖం తుడుచుకుంది. పోటీలో ఎట్లా మాట్లాడినవని అడుగుతుండగా ఆమె వెనకాల సైరన్ ఎత్తుకుంది.

దిగిపో అమ్మా అని నిరోష అరిచింది. కల్యాణి కదల్లేదు. ఫోన్ కొంచెం పక్కకు ఒరిగితే మంచం కనబడింది. ముసలామె ఎండిన చెయ్యి కల్యాణి మణికట్టును గట్టిగా పట్టుకుని ఉంది.

“ఎట్ల దిగుత బిడ్డా? సైరన్ మోగినంక లిఫ్టు ఎక్కనియ్యరు. నాలుగంతస్తులు ఈమెను ఎత్తుకొని దిగే బలం నాకు లేదు.”

“బంకర్ల కూసుంటున్నమని చెప్తివి గదా?”

“మీరు భయపడ్తరని చెప్పిన. ఒక్కనాడు గూడ దిగలే.”

గౌరవ్వ ఫోన్ లాక్కుంది. ఆమెనొదిలి నువ్వన్న దిగవే తల్లీ అని బతిమాలింది. పరాయి ముసలిదాని కోసం నా కోడల్ని పోగొట్టుకోలేనని ఏడ్చింది. ఈమె చెయ్యి వదలడం లేదత్తమ్మా అని మాత్రమే అంది కల్యాణి. దూరంగా ఏదో పేలిన చప్పుడు ఫోన్లోంచి వచ్చింది. కల్యాణి కళ్లు గట్టిగా మూసుకుంది. ఇన్నేళ్లలో కోడలు భయపడగా గౌరవ్వ చూడటం ఇదే మొదలు.

“నిరోషా, నాకు బుగులైతున్నది. ఏదన్న మాట్లాడు బిడ్డా. పొద్దుగాల ఏం చెప్పినవో గదే చెప్పు. నీ గొంతు ఇనబడాలె నాకు.”

వేరే ఏదైనా చెబుదామని నిరోష వెతుక్కుంది. చిన్నప్పటి పద్యం గాని, దేవుడి శ్లోకం గాని ఒక్క ముక్క గుర్తు రాలేదు. నోట్లో ఉన్నది ఆ ప్రసంగం ఒక్కటే. నాయనమ్మ వైపు చూసింది. వద్దన్న గౌరవ్వే ఫోన్‌ను ఆమె నోటి దగ్గర పెట్టి, చెప్పు, ఆపకు అంది.

“అధ్యక్షా” అంది నిరోష. చెప్పింది. శిథిలాల్లో చెప్పు వెతుక్కుంటున్న పిల్ల గురించి చెప్పింది. ఆ పిల్ల ఏం పాపం చేసిందని అడిగింది. సైరన్ ఊళపెడుతూనే ఉంది. మళ్లీ పేలింది, ఈసారి దగ్గరగా, తెర అదిరిపోయింది. మాట ఆగింది. రెండు క్షణాలకు కల్యాణి గొంతు వినబడింది.

“ఉన్న బిడ్డా. పాపం ఆ పిల్ల. తర్వాత ఏమన్నవ్?”

నిరోష చెప్పుకుంటూ పోయింది. బాంబు గురించి, పన్ను డబ్బు గురించి చెప్పింది. ఇక మిగిలింది సవరణ అడిగే ఆ ఒక్క వాక్యమే. తల్లి కళ్లు మూసుకుని ఆ వాక్యం కోసం ఎదురుచూస్తోంది. నిరోష దాన్ని మింగేసి, గట్టిగా ఊపిరి తీసుకుని, మళ్లీ మొదటి నుంచి “అధ్యక్షా” అని ఎత్తుకుంది.